దొరసానికి ఎండదెబ్బ

మా తాత దర్జీ. మెదక్‌లో చర్చి పక్క సందులో మా ఇల్లు. ఊరికి బదిలీ మీద వచ్చిన పాస్టర్లందరి అంగీలూ ఆయనే కుట్టాడు కనుక, ఎవరి భక్తి ఎంతో తెలియకపోయినా ఎవరి నడుము ఎంతో ఆయనకు తెలుసు. చూపు మందగించాక కుట్టుమిషను మూలకు నెట్టేసి, మధ్యాహ్నపు నిద్రను వృత్తిగా పెట్టుకున్నాడు.

ఆ వృత్తికి పోటీగా వచ్చింది దొరసాని. దవాఖానాలో పనిచేసిన తెల్ల నర్సమ్మ తన దేశానికి తిరిగిపోతూ మాకు అప్పగించిన ఆడకుక్క అది. దానికేదో ఇంగ్లీషు పేరుండేది. మా ఇంట్లో ఎవరికీ నాలుక తిరగక దొరసాని అన్నాం. ఒళ్లంతా జానెడు బొచ్చు. చలికాలమంతా దాన్ని చూసి ఊరు ముచ్చటపడింది. తాత కూడా ముచ్చటపడ్డాడు, కాళ్లు దాని పొట్ట కింద దూర్చి వెచ్చగా పడుకునేవాడు.

ఎండాకాలం రాగానే స్నేహం చెడింది. ఖిల్లా గుట్ట పగలంతా ఎండ తాగి సాయంత్రం ఊరి మీదికి ఊదేది. ఇంట్లో చల్లగా ఉండేది ఒక్కటే చోటు, నడిమింట్లో షాబాద్ బండల మీద. అన్నాలయ్యాక అమ్మ అక్కడ నీళ్లు చల్లి తుడిచేది. తాత తువ్వాల పట్టుకుని వచ్చేసరికి దొరసాని నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపి, పొట్ట బండకు ఆనించి పడుకుని ఉండేది.

"లేవే! నేను కట్టిన ఇల్లు, నేను పరిపిచ్చిన బండ!" అని తాత అరిచేవాడు.

అది ఒక కన్ను తెరిచి, ఆయన్ను చూసి, మళ్లీ మూసుకునేది.

"దాని ఒంటి మీద గొంగడున్నది మామా. మీకేమున్నది, బనీనే గద. జర ఆ పక్కకు పండుండ్రి," అనేది అమ్మ.

కోడలు కుక్క పక్షం చేరడం తాత భరించలేకపోయాడు. ఒకరోజు దాన్ని పెరట్లోకి ఈడ్చుకుపోయి, జామచెట్టు నీడన తాడుతో కట్టి, ముందర ఒక గిన్నెలో నీళ్లు పెట్టాడు. న్యాయం చేశానన్న తృప్తితో వచ్చి బండ మీద గుర్రు పెట్టాడు.

ఆరేసిన బట్టలు తేవడానికి నేను పెరట్లోకి వెళ్లాను. నీడ ఎప్పుడో గోడ మీదికి పోయింది. దొరసాని తాడును చెట్టుకు చుట్టుకుని చుట్టుకుని, కదిలే సందు లేక ఎండలో పడి ఉంది. నీళ్ల గిన్నె బోర్లాపడింది. నాలుక మట్టికి తగులుతోంది, డొక్కలు కొలిమితిత్తిలా ఎగిరిపడుతున్నాయి, కళ్లు తేలేస్తోంది.

"తాతా! దొరసాని సచ్చిపోతున్నది!"

అంత వేగంగా తాత లేవడం నేనెన్నడూ చూడలేదు. ముడి విప్పే ఓపిక లేక కత్తెరతో తాడు కోసేశాడు. కుక్కను రెండు చేతుల మీదికి ఎత్తుకుని, బనీను లుంగీతోనే, చెప్పులు కూడా వేసుకోకుండా పశువుల దవాఖానాకు ఉరికాడు. వెనక నేను. కాలే రోడ్డు మీద ఆయన గెంతుతూ పోతుంటే, పాపం ఎవరో ఇది నాట్యమనుకుని నవ్వారు కూడా.

డాక్టరు కౌడిపల్లి వైపు క్యాంపుకు పోయాడట. కాంపౌండరు స్టూలు మీద కూర్చుని విసురుకుంటున్నాడు.

"కుక్కలను మేం చూడం పెద్దాయనా. బర్లు, ఎడ్లు, గొర్లు, గంతే."

"గట్లయితే దీన్ని గొర్రె అనుకోండ్రి! బొచ్చు కనవడ్తలేదా?"

కాంపౌండరుకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక కాదనలేకపోయాడు. ఆ ‘గొర్రె’ను బర్లు నీళ్లు తాగే తొట్టి పక్కన, చెట్టు నీడలో పడుకోబెట్టించాడు. పొట్ట మీద, తొడల సందున, పాదాల మీద నీళ్లు పోస్తూ ఉండమన్నాడు. నేను పోశాను, కాంపౌండరు అట్టముక్కతో విసిరాడు. తాత ఆత్రంగా దాని నోట్లో దోసిలి వంచబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"నోట్లె పొయ్యకుండ్రి, ఊపిరితిత్తులల్లకు పోతయి. తెలివికొస్తె అదే తాగుతది. ఎండల కట్టేసిండ్రా ఏంది?"

"నీడకే కట్టేసిన," అన్నాడు తాత, గొంతు తగ్గించి.

"నీడ తిరుగుతనే ఉంటది గద. తాడేసినంక కుక్కేడ తిరుగుతది?"

తాత దాని తల ఒళ్లో పెట్టుకుని గొణగసాగాడు. "ప్రభువా, ఇయ్యాల్టికి ఇడిశిపెట్టు. లేవే దొరసానీ. బండ నీకే ఇస్త. తువ్వాల గూడ ఇస్త." తన జ్వరమప్పుడు కూడా ఆయన ఇంత ఆర్తిగా ప్రార్థించలేదని, నేను చెప్పగా విని, మా నాయనమ్మ తర్వాత వాడంతా చెప్పుకుంది.

చాలాసేపటికి దాని డొక్కలు నెమ్మదించాయి. తల ఎత్తి, తాతను గుర్తుపట్టి, ఆయన లుంగీ మీదే ఒంటికి పోసింది. తాత కళ్లనీళ్లు పెట్టుకుని, "దేవునికి స్తోత్రం" అన్నాడు. ఆ సందర్భంలో ఆ మాట అన్న విశ్వాసి ఊళ్లో ఆయనొక్కడేనేమో.

బొచ్చు మొత్తం గొరిగితే చర్మం కాలుతుందని, చిక్కులు తీసి పొట్ట కింద మాత్రం కత్తిరించమని కాంపౌండరు చెప్పి పంపాడు. తాత కత్తెర చేతపట్టాడు. చూపు ఆనని దర్జీ కుట్టిన చొక్కా ఎలా ఉంటుందో దొరసాని పొట్ట అలా తయారైంది, ఒక వైపు పొట్టి, ఒక వైపు పొడుగు.

ఆపై ఆదివారం అది మా వెనకే చర్చికి వచ్చింది. లోపలి నేల చల్లదనం పాదాలకు తగలగానే వరసల మధ్య తోవలో బోర్లా పడుకుంది. ఆనాటి ప్రసంగం నరకాగ్ని మీద. మే నెలలో మెదక్ జనానికి ఆ సంగతి వేరే వివరించాలా? సగం మంది కునుకుతున్నారు. పాస్టరుగారు అగ్ని గుండం వర్ణిస్తూ ఒక్క క్షణం ఆగిన చోట, దొరసాని గుర్రు చర్చంతా వినిపించింది. కునికేవాళ్లంతా లేచి నవ్వారు.

బయటికొచ్చాక ఒక సంఘపెద్ద మండిపడ్డాడు. "కుక్కకు గుడిల ఏం పనయ్యా?"

"నీకున్న పనే. సల్లగుంటదని వచ్చింది," అన్నాడు తాత.

పాస్టరుగారు నవ్వు ఆపుకుంటూ తీర్పు చెప్పాడు. లోపలికి వద్దు, వరండాలో స్తంభం పక్కన పడుకోవచ్చు, పక్కన నీళ్ల ముంత పెట్టండి, కట్టెయ్యకండి.

ఆ వేసవి ఆదివారాలన్నీ తాత దేవుని వాక్యం వరండాలోనే విన్నాడు. కుక్కకు కాపలా ఉండాలి కదా అనేవాడు. ఒకసారి నేను తొంగి చూస్తే కాపలావాడు తువ్వాల పరుచుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు, దొరసాని మేలుకుని ఆయన ముఖం మీది ఈగల్ని చూస్తోంది.