కొండపాక ఆర్. అనే నలుగురు

కార్డుల కేటలాగును కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు అప్పగించింది నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెల మొదటి సోమవారం నాడు. నాంపల్లి స్టేషన్‌ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక పాత గ్రంథాలయంలో నేను అప్పటికి డిప్యూటీ లైబ్రేరియన్‌ని. హోదా మారుతూ వచ్చిందే కానీ నా పని మొదటినుంచీ ఒక్కటే. వచ్చిన పుస్తకం ఎవరు రాశారు, దేని గురించి రాశారు, ఏ అరలో ఉండాలి అని తేల్చి కార్డు రాయడం. ముప్ఫై ఏళ్లు అదే చేశాను. విసుగు పుట్టలేదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. పుట్టలేదు. ఆ కొలువు నాకు అన్నం పెట్టింది, అంతకుమించి అడిగినవాటికీ అడగనివాటికీ జవాబులు చెప్పింది.

మా పద్ధతిలో రచయితను ఇంటిపేరుతో మొదలుపెట్టి రాస్తాం. ప్రతి రచయితకూ ఒక అథారిటీ కార్డు ఉంటుంది. ఆ మనిషి ఎవరు, ఏ వృత్తి చేశాడు, ఈ సంగతి మనకు ఏ ఆధారంతో తెలిసింది అన్నవి దానిమీద ఉండాలి. ఇంటిపేరూ పొడి అక్షరమూ కలిసిన పేర్లు రెండు తగిలితే, ఆధారం చూడకుండా వాటిని ఒకే మనిషి కింద కలపకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ నియమాన్ని నేనే బోధించేవాణ్ని. దాన్ని తప్పిందీ నేనే.

కొండపాక అన్నది సిద్దిపేట వైపు ఒక ఊరి పేరు. ఊరు విడిచి పట్నం వచ్చిన ఎన్నో కుటుంబాలకు అది ఇంటిపేరయింది. మా సొరుగులో ‘కొండపాక ఆర్.’ అన్న పేరుతో పదకొండు కార్డులు దొరికాయి. కౌలుదారీ చట్టం మీద నాలుగు, పశువుల రోగాల మీద మూడు, భజన కీర్తనలు మూడు, మగవాళ్ల బట్టలు కత్తిరించి కుట్టే పద్ధతి మీద ఒకటి. అథారిటీ కార్డు మాత్రం ఒక్క వకీలుగారికే ఉంది, కొండపాక రాఘవరావు అని. మిగతావన్నీ వేర్వేరు కాలాల్లో వేర్వేరు చేతులు రాసినవి. నెలాఖరుకు ఇన్ని సొరుగులు ఖాళీ కావాలని పైనుంచి ఒత్తిడి. మిగతా ఏడు కార్డులూ వకీలుగారి ఖాతాలో వేసి మీట నొక్కాను.

తెర మీద జాబితా చూస్తే నాకు ముచ్చటేసింది. పగలు కోర్టు, సాయంత్రం భజన, తీరిక దొరికితే పశువైద్యం, కుట్టుపని. ఇంతటి మనిషి మా సొరుగులో ఇన్నాళ్లూ మూలుగుతున్నాడే అనుకున్నాను. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో ఆయనవి ఇంకేమైనా దొరుకుతాయేమోనని వెతికాను కూడా. ఏమీ దొరకలేదు. అది కూడా ఆయన గొప్పతనం ఖాతాలోనే వేసుకున్నాను.

ఆ ఏడాది గ్రంథాలయ వారోత్సవాలకు ఒక అద్దాల బల్ల నిండా ఆ పదకొండు పుస్తకాలూ పెట్టించాను. చట్టం పుస్తకం మొదట్లో ఉన్న వకీలుగారి ఫోటోను పెద్దది చేయించి వెనక నిలబెట్టాను. నిండు మీసాల మనిషి. కింద నా చేతిరాతతోనే ‘ఒక్క కలం, పదకొండు పుస్తకాలు’ అని అట్ట రాశాను. మా చీఫ్ లైబ్రేరియన్ విమలగారు బల్ల ముందు ఆగి, ఈయన నిజంగా ఒక్కరేనా ప్రభాకర్‌గారూ అని అడిగారు. కార్డులు అలాగే చెబుతున్నాయి మేడమ్ అన్నాను. వాటిచేత అలా చెప్పించింది నేనేనని ఆ క్షణాన గుర్తు రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఒకామె వచ్చి ఆ బల్ల దగ్గర చాలాసేపు నిలబడింది. పేరు సునంద, గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో పనిచేస్తుందట, భోజనం వేళలో వచ్చింది. “సార్, గీ కటింగ్ పుస్తకం గీయన రాయలే. మా అమ్మ రాసింది,” అంది. తల్లి పేరు కొండపాక రుక్మిణీబాయి. నాంపల్లి గల్లీలో కుట్టుమిషన్ పెట్టుకుని ముప్ఫై ఏళ్లు దర్జీలకు కటింగ్ నేర్పిందట. మరి పుస్తకం మీద పేరు ఎందుకు లేదని అడిగాను. “ఆడామె రాసిన పుస్తకం చూసి మొగోళ్ల అంగీలు ఎవలు కుడ్తరు అన్నడంట ప్రెస్సాయన. గందుకే ఒక్క అక్షరం ఏసిన్రు సార్.”

ఇంట్లో ప్రతి ఉందా అన్నాను. కిరాయి ఇళ్లు మారడంలో ఉన్న ఒక్క ప్రతీ ఎటో పోయిందట. “మా బాబాయిలు గిట్ల ఇప్పటికి నవ్వుతరు. నీకు పుస్తకం రాసుడు ఎక్కడిది వదినా అంటరు. అమ్మకు ఎనభై నాలుగేండ్లు సార్. గీడ ఫోటో పెట్టిన్రని తెలిస్తే ఏమంటదో నాకు ఫికర్ అయితుంది.”

ఆమె అబద్ధం చెబుతోందని నాకు అనిపించలేదు. కానీ మాట ఆధారం కాదు. పుస్తకం తీసి చూశాను. ముందుమాట చివర ‘గ్రంథకర్త’ అని మాత్రమే ఉంది. ఇక మిగిలింది యాక్సెషన్ రిజిస్టర్. గ్రంథాలయంలోకి వచ్చే ప్రతి పుస్తకానికీ అందులో ఒక వరుస ఉంటుంది, కొన్నదా, ఎవరైనా ఇచ్చిందా, ఇస్తే ఎవరిచ్చారు అన్న సంగతి రాస్తారు. ఆ పుస్తకం నంబరు ఉన్న పేజీ కుడివైపు చెదలు తినేశాయి. ఇచ్చినవాళ్ల పేరు రాసే గడి సరిగ్గా అక్కడే ఉండేది.

అప్పుడు గానీ నాకు భయం పట్టుకోలేదు. మిగతావి ఒక్కొక్కటే తెరిచాను. పశువుల పుస్తకం రాసిన రాజలింగం పశువుల దవాఖానలో కాంపౌండరని దాని పీఠికలోనే ఉంది. కీర్తనల రచయిత రంగయ్య రైల్వే గార్డు. పుస్తకం తెరిస్తే అరనిమిషంలో తెలిసే సంగతులివి, నేను తెరవలేదు. జరిగింది విమలగారికి చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. ఆ ఇద్దరినీ విడదీయమన్నారు, ఫోటోనూ అట్టనూ తీయించారు. కుట్టు పుస్తకం సంగతి మాత్రం, ఆధారం దొరికితే మారుద్దాం, దొరక్కపోతే రచయిత తెలియదని రాయాల్సి ఉంటుంది అన్నారు. నియమం ప్రకారం అది సరైన మాట. ఒకసారి అలా రాశాక మళ్లీ ఆ కార్డు జోలికి వచ్చేవాళ్లెవరూ ఉండరని మా ఇద్దరికీ తెలుసు. అలా రాస్తే ఆ ముసలామె చేసిన పని నా కలం కిందే మాసిపోతుంది.

శనివారం, వారోత్సవాల ఆఖరి రోజు, సునంద తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. రుక్మిణీబాయి మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చుని ముందు నీళ్లు తాగింది. వకీలుగారి ఫోటో గోడకు ఆనించి ఉంటే చూసి, “గీ మీసాలాయన నాకు తెల్వదు,” అంది. నేను బల్ల తాళం తీయబోయాను. చెయ్యెత్తి ఆపింది.

“బిడ్డా, పుస్తకం జర గట్లనే ఉంచు. మొదలు నేను చెప్త, తర్వాత నువ్వు తెరువు. అంగీ పటం కాడ చంక లోతు చాతిల నాలుగో వంతు ఉండాలె. ప్రెస్సుల ఆరో వంతని పడ్డది. గట్ల కోస్తే చెయ్యే దూరదు. ఇంటికొచ్చిన కాపీలన్ని కూసోని నేనే దిద్దిన, ఎర్ర సిరాతోని. దిద్దినకాడ చిన్న కత్తెర బొమ్మ ఏసిన. ఎవలు దిద్దిన్రో తెల్వాలె గద.”

విమలగారు తాళం చెవి నా చేతిలోంచి తీసుకుని తనే బల్ల తెరిచారు. అంగీ పటం పుటలో ‘ఆరో’ అన్నమాట ఎర్రగీతతో కొట్టేసి ఉంది. పైన ‘నాలుగో’ అని రాసి ఉంది. మార్జిన్లో, చిటికెన వేలి గోరంత కత్తెర. సునంద ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవలసిన పనేమీ లేదు. రిజిస్టర్లో దొరికినా ఇంతకంటే గట్టి ఆధారం ఉండేది కాదు అన్నారు విమలగారు.

కార్డు ఆమె ముందే రాశాను. కంప్యూటర్ వచ్చినా అథారిటీ కార్డు మాత్రం మా దగ్గర చేత్తోనే రాసేవాళ్లం. వృత్తి ఏమని రాయమంటారమ్మా అని అడిగాను. “దర్జీ అని రాయి. దర్జీలకు నేర్పింది అని గూడ రాయి,” అంది. ఆధారం అన్న గడిలో ‘రచయిత్రి స్వయంగా చెప్పిన, ప్రతిలో సరిపోలిన దిద్దుబాటు’ అని రాశాను. నేను చదివి వినిపిస్తుంటే ఆమె కార్డును కాక నన్ను పరీక్షగా చూస్తోంది. “నీ అంగీ భుజం జారింది బిడ్డా. ఎవలు కుట్టిన్రు?” అంది. అబిడ్స్‌లో కొన్న రెడీమేడ్ అని చెప్పాను. “ఔ, గదే అనుకున్న,” అని లేచింది. ఆ వారం అంతా నేను చేసిన నిర్వాకానికి ఆమె నన్ను అన్నది ఆ ఒక్క మాటే. అందుకు ఆమెకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, పుస్తకం తెరవకుండా రెండు పేర్లను కలపలేదు. నాకింద పనిచేసినవాళ్లనూ కలపనివ్వలేదు. నెలకు ఎక్కించే సొరుగుల లెక్క తగ్గింది, దానికి సంజాయిషీ ఇచ్చుకున్నాను. తప్పు చేసినప్పుడు చెరిపేయకూడదని, దిద్దినవారెవరో తెలిసేలా దిద్దాలని మా నియమాల పుస్తకంలో మొదటినుంచీ ఉంది. దాన్ని పాటించిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

ఆ శనివారమే, తల్లీకూతుళ్లు వెళ్లాక, పాత కార్డులను కొట్టేసి, దిద్దినవాడి సంతకం దగ్గరకు వచ్చాను. అన్నేళ్లూ అక్కడ ‘ఎం.పి.’ అని రెండక్షరాలు గిలికేవాణ్ని. ఆ రోజు మేడిపల్లి ప్రభాకర్ అని పూర్తిగా రాశాను.