గోలెంలో చెట్టుకప్పలు

మా అమ్మాయికి అమ్మవారు పోసి చూపు పోయిన ఏడాది నేను చెట్టుకప్పలను పెంచాను. పిచ్చెక్కి పెంచానని కొందరు, ఎవరో మంత్రగాడు చెప్పాడని కొందరు ఊళ్ళో ఇప్పటికీ అంటారు. రెండూ తప్పే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అప్పటికి గోదావరి మీద ఆనకట్ట లేచింది గాని, ఓడలరేవు పక్కనున్న మా ఊరికి కాలవ రాలేదు. మాకు కొబ్బరితోట ఆధారం. పిల్లకు ఏడో ఏడు. వైశాఖంలో అమ్మవారు పోసింది. జ్యేష్ఠంలో స్నానం చేయించేనాటికి రెండు కళ్ళూ పోయాయి. ఆ తరవాత మాట మానేసింది. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగిపోయేది. ముద్ద నోట్లో పెడితే బుగ్గన దాచుకుని, నేను లేవగానే ఉమ్మేసేది. ఎత్తుకుంటే ఎముకలు గుచ్చుకునేవి.

శ్రావణంలో ఒక సాయంత్రం వాన వెలిశాక నూతి దగ్గర దడి మీద చెట్టుకప్ప ఒకటి టక్కు టక్కుమని అరిచింది. పిల్ల గోడవైపునుంచి ఇటు తిరిగింది. మంచంపట్టె మీద గోటితో కొట్టింది. కప్ప ఆగి, మళ్ళీ అరిచింది. ఆ పూట నేను పెట్టిన అన్నమంతా మింగింది. అప్పటినుంచి కప్ప అరిచిన పూట తినేది, అరవని పూట లేదు.

ఆశ్వయుజం వచ్చేసరికి అరుపులు పలచబడ్డాయి. వానలు పోతే చెట్టుకప్పలు ఏ బెరడు సందులోనో దూరి, మళ్ళీ తొలకరిదాకా నోరెత్తవు. అందాకా ఈ పిల్ల ఉండదని నాకు తెలుసు. అరటిబోదెల మట్టల సందుల్లో వెతికి మూడింటిని పట్టాను.

కంఠం బీటలిచ్చిన మట్టిగోలెం ఒకటి పెరట్లో పడి ఉండేది. దాన్ని వసారాలోకి, పిల్ల మంచం దగ్గరికి దొర్లించాను. అడుగున పెంకుముక్కలు, వాటిమీద మా వారు పడవమీద తెచ్చిన ఏటి ఇసుక, దానిమీద తడి నిలుస్తుందని రెండు జానల మందాన కొబ్బరిపీచు పొట్టు పోశాను. చేమదుంపలు పాతి, తమలపాకు తీగ నాటి, ఎక్కి కూచోడానికి జామకొమ్మ అడ్డంగా పెట్టాను. కొబ్బరిచిప్పలో మంచినీళ్ళు. పైన పలచటి పాతచీర పేలికతో వాసెన కట్టాను. పురుగుల కోసం ముగ్గిన అరటితొక్క లోపల వేస్తే చిన్న ఈగలు వాటంతట అవే పుట్టేవి.

మా అత్తగారు గడపలో కూచుని అంతా చూశారు.

"ఏమే అమ్మాయ్, మనుషులకి మంచినీళ్ళు చాలక ఛస్తుంటే కప్పలకి జలకాలాటే?"

"ఆయ్, మీ చెంబుకి లోటు రానియ్యనండీ అత్తయ్యగారూ."

"రేపు వాటికి సీమంతం కూడా చేస్తావు. పేరంటానికి మాత్రం నన్ను పిలవకు."

అన్నారు గాని, ఆ సాయంత్రం దీపం చుట్టూ మూగిన పురుగుల్ని కొంగులో పట్టి తెచ్చింది ఆవిడే. "ఇదిగో, నీ అల్లుళ్ళకి పలహారం," అని వాసెన ఎత్తి దులిపారు.

పొద్దుగూకేవేళ చేత్తో నీళ్ళు చిలకరిస్తే వాన అనుకుని కప్పలు అరిచేవి. పిల్ల పట్టె కొట్టేది. నేను ముద్ద పెట్టేదాన్ని. కార్తీకమంతా అలా గడిచింది. పిల్ల బుగ్గలకు కొంచెం కండ వచ్చింది.

మార్గశిరంలో చేమాకుల అంచులు మాడాయి. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోశాను. కప్పలు కిందికి దిగడం మానేసి వాసెనకు కరుచుకుని ఉండిపోయేవి. వేడిచేసిందేమోనని మళ్ళీ పోశాను. ఒకరోజు పొద్దున్న ఒకటి కాళ్ళు బారచాపి పొట్టు మీద పడి ఉంది. ఆ వారంలోనే రెండోదీ పోయింది. మూడోది బతికి ఉంది గాని దానికి గొంతు లేదు. పిల్ల పట్టె కొట్టి, చెవి ఒగ్గి, మళ్ళీ కొట్టి, గోడవైపు తిరిగింది. ఆ పూట తినలేదు. మర్నాడూ తినలేదు. ఊరి దేవతలందరికీ మొక్కాను. ఎవరికేమి మొక్కానో కూడా అప్పుడు తెలియలేదు.

గోలెం పక్కన కూలబడ్డప్పుడు కనిపించింది, బయట అడుగువైపు మట్టి మీద తెల్లగా పేరుకున్న పొర. గోకి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు.

మా వైపు కాయ ఒలిచిన కొబ్బరిడొక్కలను ఉప్పుటేటి బురదలో నెలల తరబడి నానబెట్టి, ఆ తరవాత కొట్టి పీచు తీస్తారు. రాలిన పొట్టునే కొబ్బరిమొక్కల మొదట్లో వేస్తాం. కొబ్బరికి ఉప్పంటే ప్రాణం. కొబ్బరికి పడిందంటే మా ఊళ్ళో అన్నిటికీ పడినట్టే అనుకున్నాను. నేను పోసిన ప్రతి చెంబూ ఆ పొట్టులో ఉప్పును కరిగించి వాటి ఒంటికి పట్టించింది.

మూడోదాన్ని తీసి తడి అరటాకుతో ముంతలో పెట్టాను. అది కదల్లేదు. పిల్ల పెదాలు ఎండి పగిలాయి. ఏం చెయ్యాలో తోచక, వంటింట్లోంచి రెండు కొబ్బరిచిప్పలు తెచ్చి, గోలెం వెనక నక్కి టక్కు టక్కుమని కొట్టాను. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పిల్ల ఇటు తిరగలేదు. చాలాసేపు కొట్టాను. తాళం తప్పింది.

"మెల్లిగా కొట్టవే అమ్మా," అంది గోడవైపునుంచే. "అదంత గట్టిగా అరవదు."

ఆరు నెలల తరవాత విన్న గొంతు. బొంగురుపోయి, ముసలిదాని గొంతులా ఉంది. చిప్పలు నా చేతిలోంచి జారిపోయాయి.

"చచ్చిపోయేయి కదూ?"

"రెండు పోయేయమ్మా. ఒకటుంది. అరవట్లేదు."

"ఎందుకు పోయేయి?"

అబద్ధం చెప్పడానికి ఓపిక లేక, పొట్టులో ఉప్పుందని చెప్పాను.

"మరైతే కడగవేం?"

గోలెంలో ఉన్నదంతా వసారాలోనే కుమ్మరించాను. మా నూతినీళ్ళూ ఉప్పే; మామిడికుదురునుంచి పడవ మీద వచ్చిన మంచినీళ్ళ కాగు, ఇంటిల్లిపాదీ తాగేది, అత్తగారే ఎత్తుకొచ్చారు. పిల్ల మంచం దిగింది. కాళ్ళు నిలవక గోలెం పట్టుకుని చతికిలబడింది. చెయ్యి లోపలపెట్టి, అడుగంతా తడిమి, వేలు నోట్లో పెట్టుకుంది.

"నాయనమ్మా, ఇక్కడింకా ఉప్పగా ఉంది."

"ఎక్కడే?"

"ఇక్కడ."

అత్తగారు ఇంకో చెంబు పోశారు. పిల్ల రుద్దింది, మళ్ళీ వేలు నాకింది. "ఇంకా," అంది.

కాగు సగమైనా ఆవిడ పోస్తూనే ఉన్నారు.