కట్టలో పూడ్చిన ఐసుగడ్డ

అరవైల చివర్లో తార్నాకలో గది తీసుకుని యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదివేవాణ్ణి. హిమాలయాల్లో మంచు కరిగి ఏర్పడే సరస్సులకు గట్టు తెగే ప్రమాదం ఎంతో అంచనా వేయడం నా సెమినార్ అంశం. అక్కడి గట్లలో మంచు కూడా ఉంటుంది. అందుకే రేకుతొట్టిలో రాళ్లూ మట్టితో కట్ట పోసి, లాలాగూడ నుంచి సైకిలు మీద తెచ్చిన ఐసుగడ్డను అందులో పూడ్చి, వెనక నీళ్లు నింపాను.

అటెండర్ మల్లయ్య చూసి, "కట్టల ఐసు పెట్టినవేంది బిడ్డా? మా ఊరి చెరువు కట్ట తెగనీకి ఎండ్రికాయ బొక్కనే చాలు" అన్నాడు.

"లెక్క కట్టిన మల్లన్నా, గంటసేపు ఆగుతది" అన్నాను.

ఆ రోజు సెమినార్‌కు ప్రొఫెసర్ గారే గంట ఆలస్యంగా వచ్చారు. "ఈ కట్టకు ప్రమాదం లేదు" అని నేను చెబుతుండగానే అది మధ్యలో కుంగింది. ముందు వరుసలో ఉన్న ఆయన తెల్లప్యాంటు నిండా బురదనీళ్లు. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది.

మల్లయ్య గోనెసంచితో నేల తుడుస్తుంటే నేనూ కూర్చున్నాను. 'ముందే చెప్పిన గద' అంటాడనుకున్నాను.

"మల్ల కట్టు బిడ్డా. ఈసారి నీళ్లు పోయేటందుకు అలుగు పెట్టు" అన్నాడు.

ఉద్యోగంలో చేరాక అలాంటి సరస్సుల మీద ఎన్నో నివేదికలు రాశాను. లెక్కలన్నీ నావే. చివర్లో సూచన మాత్రం ఎప్పుడూ మల్లయ్యదే.