నానబెట్టిన తాబేలు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో నేనూ ఒక తాబేలూ ఉంటాం. పుణేకు బదిలీ అయిన ఆఫీసు స్నేహితుడు దాన్ని నాకు అప్పగించి వెళ్లాడు. విదేశీ జాతి, నేల మీద బతికేది. పెంచుకోవడానికి కావలసిన కాగితాలన్నీ ఉన్నాయి. నాకు రేషన్ కార్డు కూడా లేదు. మా ఇద్దరిలో ఈ ఊళ్లో ఉండే హక్కు దానికే గట్టిగా ఉన్నట్టు అనిపించేది.

మాది ఇదే ఊళ్లో పాత బజారు వీధి, నగర్తపేట కుటుంబం. ఇంట్లో ఉత్తరం వైపు పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ఇత్తడి తాబేలును పెట్టుకోవడం మావాళ్ల అలవాటు. అందుకే అసలు తాబేలు వచ్చిందనగానే, ఇప్పటికీ నగర్తపేటలోనే ఉండే మా మేనత్త ఫోన్లో మొదట నీళ్ల సంగతే అడిగింది.

"నీళ్లు లేకుండా ఎట్లుంటాదప్పా అది? ఎండిపోతాది" అంది.

నేను ఎమ్మెస్సీ చదివాను. జంతుశాస్త్రం కాదు, గణితం. వెడల్పాటి టబ్బు కొని, నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, దిక్కు కూడా చూసుకుని మరీ దాన్ని అందులో పెట్టాను. అత్త ఇంట్లో ఇత్తడిదానికి ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కదా.

మూడు నెలలకు అడుగు డిప్ప మీద తెల్లటి మచ్చలు కనబడ్డాయి. బోరునీళ్ల మరకలనుకున్నాను. మా బకెట్లదీ అదే రంగు. గుడ్డతో రుద్దితే పోలేదు. ఇంకో వారానికి మెడ దగ్గర చర్మం పొరలు లేచింది, తిండి మానేసింది. ఎత్తి చూస్తే కుళ్లిన వాసన. ఆ రోజు ఆఫీసులో ఏం చేశానో గుర్తు లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లడానికి నాకున్న కారణం అదొక్కటే. అది పోతే, తాళం తీసిన చప్పుడుకు తల తిప్పేవాళ్లు ఆ ఇంట్లో ఉండరు.

జంతువుల డాక్టరు విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన అమ్మాయి. మచ్చ మీద గోటితో నొక్కింది. మెత్తగా దిగింది. మరకైతే గట్టిగా ఉంటుందని, మెత్తబడి వాసన వస్తే డిప్ప కుళ్లుతున్నట్టని చెప్పింది. ఎక్కడ ఉంచుతున్నారని అడిగితే టబ్బు సంగతి చెప్పాను. దిక్కు సంగతి చెప్పలేదు.

"ఇది నీళ్లలో ఉండే రకం కాదండీ. ఫుల్ డ్రైగా ఉండాలి. మూడు నెలలు నానబెట్టారు దాన్ని."

శనగల గురించి అన్నట్టే అంది.

కుళ్లిన పొర గీకేసి, ఇంటి దగ్గర చేయాల్సింది చెప్పింది. రోజూ మెత్తటి బ్రష్‌తో తోమి, టీ రంగులో పలచగా కలిపిన అయోడిన్ రాయాలి. అది ఆరాక ఆయింట్‌మెంటు పూయాలి. పొద్దుటెండ తగలాలి. తాగడానికి తప్ప నీళ్ల జోలికి పోకూడదు.

"ఇద్దరుంటే ఈజీ. ఒకరు పట్టుకుంటే ఒకరు రాస్తారు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"అదే" అన్నాను, బల్ల మీదున్నదాన్ని చూపిస్తూ.

అత్తకు చెప్పాను. తర్వాత రోజూ ఫోన్ చేసి అది తినిందా అని అడిగేది. నా తిండి సంగతి అడగడం మానేసింది.

పొద్దున్నే మేడ మీదికి తీసుకెళ్లి, ఒళ్లో తువ్వాలు పరిచి, పక్కకు వాల్చి పట్టుకుని మందు రాసేవాణ్ని. ఆరడానికి ఇరవై నిమిషాలు. పాత పేపరు మీద పెట్టినా ఆరుతుంది. ఒళ్లో పెట్టుకోమని డాక్టరు చెప్పలేదు. అది నా మణికట్టు మీద తల ఆనించి పడుకునేది. ఒకరు నా దగ్గర అంతసేపు కదలకుండా ఉండి చాలా కాలమైంది. దానికి కదిలే ఓపిక లేదన్న సంగతి నాకు తెలుసు.

ఐదో వారంలో మచ్చలు గట్టిపడ్డాయి. మందార ఆకులు సగం తినింది. డాక్టరు మళ్లీ గోటితో నొక్కి చూసి, ఇక మందు అక్కర్లేదంది. మళ్లీ ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగాను. అవసరం లేదంది. పోనీ వచ్చే నెల ఊరికే ఒకసారి చూపించనా అన్నాను. ఆవిడ నా వైపు చూసి, ఏదైనా ఉంటే రండి అంది.

మర్నాడు అలవాటుగా మేడ మీద ఒళ్లోకి తీసుకున్నాను. వెనక కాళ్లతో తన్నింది. గోళ్లు తువ్వాల్లోంచి తొడకు దిగాయి. బాగా కోలుకుందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. కింద పెట్టాను. ఎండ పడుతున్న మూలకు బయల్దేరింది, వెనక్కి చూడకుండా.

దాని నడక తెలిసిందే. వెళ్లిపోవడం చూడ్డానికి నాకు కావలసినంత సమయం దొరికింది.