మచ్చు చూడందే సీటు కొనని మా నాన్న

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఇంటర్ పాసైన పిల్లని "ఏం చదువుతావమ్మా?" అని ఎవరూ అడిగేవారు కాదు, "ఏ కాలేజీ?" అనే అడిగేవారు. ఇంజనీరింగ్ అన్నది ఊరంతా ఒప్పేసుకున్న సంగతి, ఒక్క మా నాన్న తప్ప. మా నాన్నది అపరాల హోల్‌సేల్ కొట్టు. కందులు గానీ, మినుములు గానీ, మొనదేలిన ఇనపగొట్టం బస్తా అడుగుదాకా గుచ్చి, మచ్చు అరచేతిలో పోసుకుని, నలిపి, పంటికింద కొరికితే తప్ప బేరానికి దిగేవాడు కాదు. నాకేమో ఐటీ సీటు కావాలి. కన్వీనర్ కోటాలో రాలేదు (నా ర్యాంకు ఎంతో అడక్కండి, పద్ధతి కాదు). మేనేజ్‌మెంట్ సీటు ఒక కాలేజీలో దొరికింది గానీ, డబ్బు కట్టడానికి మర్నాడే ఆఖరు. కట్టకపోతే బీకాంలో చేరి, ఆపైన కొట్లో కూర్చోవాలి. అలాంటి సమయంలో మా నాన్న తాపీగా, "అన్నేసి లక్షలు పోసి కొనే సరుకు, మచ్చు చూడకుండా ఎట్లా కొంటానమ్మా?" అన్నాడు.

"చదువుకి మచ్చేంటి నాన్నా!" అని నెత్తీ నోరూ బాదుకున్నాను. "ఎందుకుండదూ? అది చదివి బయటికొచ్చినోడు ఎక్కడో ఉంటాడుగా!" అని ఫోన్ అందుకున్నాడు. నందిగామలో మా దగ్గర పప్పులు కొనే కిరాణా కొట్టాయన కొడుకు, సరిగ్గా ఆ కాలేజీలోనే, ఆ ఐటీయే కిందటేడు పూర్తి చేశాడట. "మీవాడి చదువు ఎట్లా ఉందో కనుక్కుందామని వస్తన్నామండీ" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దారంతా బస్సు చెడిపోవాలని మొక్కుకున్నాను. ఆ రోజే అది ఎన్నడూ లేనంత హుషారుగా నడిచింది.

కిరాణా కొట్టాయన మాకు బూందీ, కాఫీ పెట్టి, కొడుకుని ఇస్త్రీ చొక్కాతో ఎదురుగా కూర్చోబెట్టి, వాణ్ణి నోరు తెరవనివ్వకుండా తనే మొదలుపెట్టాడు. "మావాడికి హైదరాబాదులో పెద్ద కంపెనీలో వచ్చేసిందండీ."

"మరి ఇక్కడున్నాడేంటి?"

"ఆఫర్ లెటర్ వచ్చిందండీ. ఎప్పుడు చేరాలో ఇంకా చెప్పలా."

"ఎన్నాళ్ళైంది?"

"ఏడాది కావస్తందిలెండి."

"ఆర్డరిచ్చి ఏడాదైనా లారీ పంపలేదంటే అది ఆర్డరెట్లా అవుద్దండీ?" అని మా నాన్న కాఫీ చప్పరించాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ నేలమీది గచ్చు డిజైను బట్టీ పట్టాను. చాలదన్నట్టు నా చెవి దగ్గరికి వంగి, "పైన మంచి సరుకు పోసి చూపిస్తన్నాడు. అడుగున తియ్యాలి" అన్నాడు (మా నాన్న గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది).

ఆ తర్వాత నేరుగా ఆ అబ్బాయినే పట్టుకున్నాడు. "ఏం బాబూ, మళ్ళీ మొదట్నుంచి అయితే ఇదే చదువు కొంటావా?" నేను ఆ అబ్బాయి వైపు కళ్ళు పెద్దవి చేసి చూశాను. ఒక్క అబద్ధం ఆడు నాయనా, నీ పేరు చెప్పుకుని బతుకుతాను అన్నట్టు. వాడు ఒకసారి వాళ్ళ నాన్నని చూసి, "ఆ ఉద్యోగం ఇంక రాదండీ. వాళ్ళు ఫోనెత్తడం కూడా మానేశారు. మూడేళ్ళు బట్టీ కొట్టా, చివరేడే కాస్త నేర్చుకున్నా. ఇప్పుడు ఇంట్లో కూర్చుని మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటన్నా. అయినా మళ్ళీ ఇదే తీసుకుంటానండీ. ఈసారి మొదటేడు నుంచే చదువుతా" అన్నాడు. కిరాణా కొట్టాయన చేతిలో బూందీ పళ్ళెం అలాగే ఉండిపోయింది. నా ఐటీ నందిగామలోనే సమాధి అయిపోయిందనుకుని, లేచి చెప్పులేసుకున్నాను.

తిరుగు బస్సులో చిల్లకల్లు దాకా, ఇంటికెళ్ళాక వెయ్యాల్సిన కేకలన్నీ వరుసగా సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. ఉన్నట్టుండి మా నాన్న, "రేపు బ్యాంకు తెరవంగానే కట్టేద్దాం" అన్నాడు.

"ఏంటీ?"

"సరుకులో పుచ్చుందని వాళ్ళే చెప్పే కొట్లో ధైర్యంగా కొనచ్చమ్మా. తండ్రి ఎదురుగా, పరాయోళ్ళ ముందు, ఉన్నమాట చెప్పాడు. అట్టాంటోడు పాడైపోడు. నువ్వూ పాడైపోవు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ముక్క నందిగామ బస్టాండులోనే చెప్పుంటే నా కేకలన్నీ మిగిలేవిగా! (ఆ అబ్బాయి నిజాయితీ ఐటీ సిలబస్‌లో ఎక్కడుందా అని తర్వాత నాలుగేళ్ళూ వెతికాను. ఎక్కడా లేదు.)

ఇల్లలకగానే పండగ కాదు కదా, చదువైపోయాక ఏడాదిపాటు నాకూ ఉద్యోగం రాలేదు. ఇప్పుడైతే వచ్చింది, కొట్టు మేడమీద గదిలోంచే పని చేస్తున్నాను, విసుక్కోవడానికి ఒక మేనేజరు కూడా ఉన్నాడు. కానీ ఆ ఏడాది మాత్రం కొట్టుకొచ్చిన ప్రతివాడూ "అమ్మాయికేమైనా వచ్చిందా?" అనేవాడు. మా నాన్న ఒక్కడే ఒక్కనాడూ అడగలేదు. ఆ అడక్కపోవడమే నాకు పుండుమీద కారం. ఒకరోజు ఉండబట్టలేక, "గుప్పెడు కందులకి కూడా గిట్టుబాటు చూస్తావు, నా సంగతి అడగవేం?" అని కొట్లో అందరి ముందూ అరిచేశాను. ఆయన చేతిలో కందులు నలుపుతూ, తలెత్తకుండానే, "కొన్నాక బేరమాడకూడదమ్మా" అన్నాడు.

తనని దండగ సరుకు కింద జమ కట్టేశాడనుకుని, అప్పటి ఆ పిల్ల, అంటే నేనే, విసవిసా మేడెక్కి, తలుపేసుకుని సాయంత్రందాకా ఏడ్చింది. అది తిట్టు కాదే పిచ్చిమొద్దూ, కాసేపు కిందకెళ్ళి ఆయన పక్కన కూర్చో అని, ఇన్నేళ్ళకి దానికి చెప్పాలనిపిస్తుంది.