లవంగాల జట్టు

మా ఆయనకు ఎవరికీ కాదని చెప్పడం చేతకాదు. ఆ గుణం వల్లే నేను దోహాలో ఒక కబడ్డీ జట్టు మోకాళ్ళకు దిక్కయ్యాను.

ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ప్లానింగ్ ఇంజినీరు. నేను ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుని. ఐన్ ఖాలిద్‌లో కాపురం. శుక్రవారం ఒక్కరోజే నాకు ఒళ్ళు వాల్చే వీలుండేది. వాళ్ళ కంపెనీ కుర్రాళ్ళకు ఒక కబడ్డీ జట్టు ఉంది. అందరూ జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళు. చలికాలంలో కంపెనీలన్నీ కలిసి అల్ వుకైర్‌లో పోటీలు పెట్టుకుంటాయి. ఆ ఏడు ఎవరికో చీలమండ మడత పడితే, "డాక్టరు మా ఇంట్లోనే ఉంది కదా" అని మా ఆయన సైట్‌లో నలుగురి ముందూ అనేశాడు. నేను డాక్టర్ని కానని పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను. వింటేగా.

అలా ఒక శుక్రవారం పొద్దున్నే టేపులు, నూనె సీసా పట్టుకుని ఇండస్ట్రియల్ ఏరియాలో వాళ్ళు ఉండే లేబర్ క్యాంప్ వెనక మైదానంలో దిగాను. మైదానమంటే మైదానం కాదు, కంపెనీ బస్సులు నిలిపే చోటుకీ ప్రహరీగోడకీ మధ్య మిగిలిన నేల. ఏదో విల్లాలో తీసి పారేసిన కార్పెట్లు తెచ్చి పరిచారు. జిప్సం పొడితో గీతలు గీశారు. నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తడిగుడ్డతో తుడిచి పెట్టారు. మొదటి వారం 'మేడం' అన్నారు. రెండో వారానికి 'అక్క' అయ్యాను. దారి పొడవునా కార్లో మా ఆయన్ని సాధిస్తూనే ఉన్నాను గానీ, మూడో వారం నుంచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను.

జట్టుకు కెప్టెన్ నలభై దాటిన మనిషి. స్టీల్ కట్టేవాళ్ళకు ఫోర్‌మన్. నన్ను 'చెల్లె' అనేవాడు. ఆయన అరిస్తే బస్సుల్లో నిద్రపోతున్న డ్రైవర్లు లేచి కూర్చునేవారు. జట్టుకు ప్రాణం మాత్రం ఒక సన్నటి పొడుగాటి మనిషి. సైట్‌లో పరంజాలు కడతాడు. అతను కూతకు వెళ్ళాడంటే గోడ మీద కూర్చున్న నేపాలీలు, బెంగాలీలు కూడా ఈలలు వేసేవాళ్ళు. ఎప్పుడూ నవ్వు మొహమే. కుడి భుజం ఎంత గట్టిగా నొక్కినా "ఏం గాదక్క" అనేవాడు. మిగతా వాళ్ళు పిక్క ముట్టుకుంటేనే కేకలు పెట్టేవాళ్ళు. అందుకే నాకు అతనంటే ప్రత్యేకమైన అభిమానం.

ఆ జట్టులో ఒక ఆచారం ఉండేది. ఆటకు ముందు అందరూ వరసగా నిలబడేవారు. కెప్టెన్ జేబులోంచి చిన్న డబ్బా తీసి తలా రెండు లవంగాలు పంచేవాడు. బుగ్గన పెట్టుకుని నములుతూ బరిలోకి దిగేవారు. నాకూ ఇచ్చేవాడు.

"ఎందుకివి?" అని అడిగాను మొదటిసారి.

"కూతకు దమ్ము నిలుస్తది చెల్లె. మా తాతల కాడికెళ్ళి ఉన్నది" అన్నాడు.

నమ్మాను. నమ్మి ఊరుకుంటే బాగుండేది. లవంగం గొంతులో మంట తగ్గిస్తుందనీ, ఊపిరి మీద అదుపు వస్తుందనీ నాకు తోచిన శాస్త్రమంతా జోడించి క్లినిక్‌లో అందరికీ చెప్పాను. ప్రతి గురువారం సూపర్ మార్కెట్‌లో లవంగాల ప్యాకెట్ కొని మరీ తీసుకెళ్ళేదాన్ని. "ఇంట్లో బిర్యానీలోకి లవంగం ఉండదు, కబడ్డీకి మాత్రం సరఫరా ఆగదు" అని మా ఆయన గొణిగేవాడు. పెద్దమనిషి, అందర్నీ తెచ్చి నెత్తిన పెట్టింది ఆయనే.

ఆ కంపెనీ ప్రాజెక్ట్ మేనేజర్ వేల్స్ దేశస్థుడు. కుర్రాళ్ళు 'పెద్ద సార్' అనేవారు. విరిగి అతికిన ముక్కు, ఉబ్బి ముద్దలు కట్టిన చెవులు. వయసులో ఉన్నప్పుడు జీతం తీసుకుని రగ్బీ ఆడినవాడు. గుడ్డు ఆకారంలో ఉండే బంతి కోసం రెండు జట్లు ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకునే ఆట అది. ఆయన పేరు చెబితే మా ఆయనకు సగం ప్రాణం పోయేది. అలాంటి మనిషి ఒక శుక్రవారం నిక్కరు వేసుకుని కబడ్డీ చూడటానికి వచ్చాడు. కాసేపు చూసి, "బంతి కూడా లేదే! నేరుగా మనిషినే పట్టుకుంటారా!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ తర్వాత ఏ శుక్రవారమూ మానలేదు. ఒకసారి డిఫెండర్‌గా దిగి, కూతకు వచ్చిన మా పొడుగాటివాణ్ణి నడుం పట్టి గాల్లోకి లేపాడు. అందరం కడుపుబ్బ నవ్వాం.

ఆట అయ్యాక కార్పెట్ మీద కూర్చుని కరక్ చాయ్ తాగుతూ ఆయన తన రగ్బీ కబుర్లు చెప్పేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. గెలిస్తే జట్టంతా కలిసి తాగాలట. ఓడినా తాగాలట. జట్టులో కొత్తగా చేరినవాడు తన బూటులోనే బీరు పోసుకుని తాగితే గానీ తమవాడు కాడట. 

"బూటుల పోసుకొని తాగుతరా సార్! గంత చెమట బూటుల!" అని కుర్రాళ్ళు దొర్లి దొర్లి నవ్వారు. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. నేనది గమనించాను గానీ పట్టించుకోలేదు.

సెమీఫైనల్ మా పొడుగాటివాడు ఒక్కడే గెలిపించాడంటే అబద్ధం కాదు. ఫైనల్‌కు ఇంకా రెండు వారాలున్నాయి. మధ్యలో వచ్చిన శుక్రవారం క్యాంప్ వెనకే ప్రాక్టీసు. మామూలుగానే అందరూ వరసలో నిలబడ్డారు, డబ్బా తిరిగింది. ఆ రోజు ముచ్చటపడి పెద్ద సార్‌కూ రెండు లవంగాలు ఇచ్చారు. ఆయన నములుతూ, వరసలో ఒక్కొక్కరి భుజం తడుతూ వెళ్ళాడు. పొడుగాటివాడి ముందు ఆగాడు. అతను నవ్వాడు. పెద్ద సార్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. వెనక్కి వచ్చి కెప్టెన్ చేతిలోని డబ్బా తీసుకుని కాసేపు దాని వంకే చూశాడు.

"ఇవి ఎవరి కోసం?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నాకు అర్థం కాకుండానే తెలుగులో చెప్పాను. "ఎవరి కోసమని అడుగుతున్నారు."

పదిమందీ కార్పెట్ వంక చూస్తున్నారు. అప్పుడు వెలిగింది నా బుర్రకు. క్యాంపులో నీళ్ళ సీసాల్లో దొంగతనంగా సారా అమ్ముతారని నేను వినకపోలేదు. ఆ వాసన కప్పడానికి పొడుగాటివాడు ఒక్కడే లవంగం నమిలితే సూపర్‌వైజర్‌కు అనుమానం వస్తుంది. అందరూ నమిలితే అది జట్టు ఆచారం అవుతుంది. తాతల కాలం నుంచీ ఉందట! ఇన్నాళ్ళూ దానికి లవంగాలు మోసింది నేను.

పెద్ద సార్ కార్పెట్ మీద కూలబడ్డాడు. మమ్మల్నీ కూర్చోమన్నాడు. "మా జట్టులో చూయింగ్ గమ్" అని మొదలుపెట్టాడు. ఆయన పొద్దున్నే తాగి ప్రాక్టీసుకు వచ్చేవాడట. కోచ్ దగ్గరికి వస్తుంటే జట్టులో అందరూ గమ్ నమిలేవారట, ఆయన వాసన బయటపడకుండా. ఒకరోజు మ్యాచ్‌లోనూ అలాగే దిగాడు. బంతి ఎప్పుడో వదిలేసిన అవతలి జట్టు మనిషి మెడ మీద పడ్డాడు. ఆ మనిషి మళ్ళీ ఆడలేదు. ఈయన్నూ తీసేశారు.

"మా వాళ్ళందరికీ నేనంటే ప్రాణం. ఇప్పటికీ కనబడితే కావలించుకుంటారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మానరా అని చెప్పలేదు. నాకు వాళ్ళ మీద ఇప్పటికీ కోపం పోలేదు."

ఇది ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. కెప్టెన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

అప్పుడు పొడుగాటివాడు నోరు విప్పాడు. "భుజం నొస్తదక్క. కిందటి చలికాలం కూతల పడ్డప్పటి సంది. పండనిస్తలేదు. గందుకే జెర ఏసుకుంటున్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ప్రతి శుక్రవారం ఆ భుజం మీద నా బొటనవేళ్ళు అరిగిపోతున్నాయి! అడిగినప్పుడల్లా ఏం గాదక్క, ఏం గాదక్క! ఎవరికి కాదు?"

"నీకు జెప్తే సార్‌కు జెప్తవు" అన్నాడు మా ఆయన్ని చూపిస్తూ. "పరంజ మీదికెళ్ళి దించుతరు. ఇంటికి తోలుతరు. దుబాయ్ల నా కొడుకు మంచిగున్నడని మా అవ్వ ఊరంత చెప్పుకుంటున్నదక్క. ఆమెకు దోహా అన్న దుబాయే."

"ఓరి, నువ్వు పరంజ మీద ఉంటే కింద ఎవరుంటర్రా?" అన్నాడు కెప్టెన్. అంత పెద్ద గొంతు ఆ రోజు ఎక్కడికి పోయిందో, నాకు అతికష్టం మీద వినబడింది. "మేమే గదరా ఉండేది. నాకెర్కుండి గూడ నిన్ను ఎక్కనిచ్చిన."

అందరూ పెద్ద సార్ వైపు చూశారు. ఆయన రాతపూర్వకంగా ఒక్క మాట పైకి పంపితే చాలు. పోలీసు కేసు, ఆ తర్వాత విమానం. కనీసం పరంజా పని పోవడం ఖాయం. మా ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, కూతకు వెళ్ళేది తానే అన్నట్టు.

"రేపటి నుంచి ఇతను పైకి ఎక్కడు. యార్డులో కింద పని. భుజం సంగతి ఆవిడ చూస్తుంది" అన్నాడు పెద్ద సార్. "మళ్ళీ తాగితే నాకు చెప్పండి, ఏదో ఒకటి ఆలోచిద్దాం. మళ్ళీ దాస్తే మాత్రం టికెట్ నేనే కొంటాను. ఫైనల్ సంగతి నాకు తెలీదు. జట్టు మీది."

"ఒక్క మ్యాచే గదన్నా" అని కుర్రాళ్ళు వారమంతా కెప్టెన్ కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆయన వినలేదు. అల్ వుకైర్‌లో ఫైనల్ రోజున పొడుగాటివాడు జెర్సీ వేసుకుని, నేను కట్టిన పట్టీలో చెయ్యి వేలాడేసుకుని గీత బయట కూర్చున్నాడు. మనవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. అతను మొహం తువ్వాలులో దాచుకుని ఏడ్చాడు. వెళ్ళేటప్పుడు కెప్టెన్ ఆ డబ్బా నా చేతిలో పెట్టాడు. "బిర్యానీల ఏస్కో చెల్లె" అన్నాడు.

ఆచారం లేకుండా ఆ జట్టు బతకలేదు కాబట్టి కొత్తది పుట్టింది. లవంగాలు పోయాయి. ఆటకు ముందు వరసలో నిలబడి, ఒక్కొక్కడూ నోరు తెరిచి కెప్టెన్ మొహం మీద ఊదాలి. మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత అదే పెద్ద వేడుకైంది. ఎవడు వెల్లుల్లి పచ్చడి తిన్నాడో, ఎవడు పళ్ళు తోముకోలేదో క్యాంపంతా తెలిసిపోయేది. పొడుగాటివాడు ఆడకపోయినా ప్రతి శుక్రవారం వచ్చి వరసలో నిలబడేవాడు. పట్టీతోనే ఊదేవాడు. ఆట అయ్యాక నా దగ్గర కూర్చుని వ్యాయామాలు చేసేవాడు. ఇప్పుడు నొక్కితే కేకలు పెట్టేవాడు. ఆ కేకలు నాకెంత హాయిగా ఉండేవో చెప్పలేను.

అన్ని వారాలూ ఒకలా గడవలేదు. ఒక శుక్రవారం వరసలో తన వంతు వచ్చాక అతను నోరు తెరవలేదు. తల దించుకుని తనంతట తానే వెళ్ళి గీత బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కెప్టెన్ ఆట వదిలేసి వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు. కాసేపటికి పెద్ద సార్ కూడా చాయ్ గ్లాసులు పట్టుకుని వెళ్ళి రెండో పక్కన కూర్చున్నాడు. ఆయనకు తెలుగు రాదు, అతనికి ఇంగ్లీషు రాదు. నేను వెళ్ళబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ మనిషి బుద్ధిగా ప్రవర్తించడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఎండలు ముదిరే ముందు చివరి శుక్రవారం వచ్చింది. భుజం బాగుంది, ఆడవచ్చని నేనే చెప్పాను. వరస కట్టారు. అతని వంతు వచ్చింది. కెప్టెన్ ముందు నిలబడి, నోరు బార్లా తెరిచి గట్టిగా ఊదాడు. 

"థూ! పొద్దు పొద్దుగాలనే పచ్చిపులుసు తాగినవారా? ఉల్లిగడ్డ కంపు!" అని కెప్టెన్ మొహం చిట్లించాడు. అందరూ గొల్లుమన్నారు. ఇక ఆట మొదలుపెడతారని నేను టేపు సంచీలో సర్దుకుంటున్నాను.

కెప్టెన్ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. అతని మెడ చుట్టూ చెయ్యేసి, ఉల్లి వాసన కింద ఇంకేదైనా ఉందా అన్నట్టు మొహం ఇంకా దగ్గరికి పెట్టాడు.

"మల్లోపారి ఊదు" అన్నాడు. అతను ఊదాడు. "మల్లోపారి" అన్నాడు కెప్టెన్, కళ్ళు మూసుకుని.