బర్రె అంటించిన జ్వరం, నేను వదలని సీటు

ఇంటర్ ఫస్టియర్‌లో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండా మంచం మీద పడిపోయాను. నడుము విరిగినట్టు నొప్పి, ఒళ్ళంతా చెమట. పొద్దున లేచేసరికి ఏమీ లేదు. సాయంత్రం మళ్ళీ జ్వరం. మా ఊరు కంగ్టి దగ్గర, కాలేజీ నారాయణఖేడ్‌లో. రోజూ బస్సులో నిలబడి పోయి నిలబడి వచ్చేదానికి నడుంనొప్పి రాక ఏమొస్తుందిలే అనుకున్నాను.

ఒక సంగతి దాచను. జ్వరం రాకముందు కూడా నేను చదువులో అంతంతమాత్రమే. తొమ్మిదిలో లెక్కలు తప్పాను, పది ఎలాగో గట్టెక్కాను. అయినా బైపీసీ తీసుకున్నది పశువుల డాక్టర్ కావాలనే. పుస్తకం పడితే నిద్రొచ్చేది గానీ, బర్రె ఈనుతుందంటే కొట్టంలో అందరికన్నా ముందు నేనుండేదాన్ని.

ఖేడ్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో విడాల్ టెస్ట్ చేసి టైఫాయిడ్ అన్నారు. ఇంజెక్షన్లు, సెలైన్లు అయ్యాయి. తగ్గింది, మళ్ళీ వచ్చింది. మోకాలు వాచింది. ఆ ఏడు ఫిజిక్స్, బోటనీ రెండూ పోయాయి. "పరీక్షలొస్తేనే దీనికి జ్వరమొస్తది" అని మా చిన్నమ్మ నవ్వింది. ఆ నవ్వుకు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నాలుగు నెలల తర్వాత నాన్న నన్ను సంగారెడ్డిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె రిపోర్టులు పక్కన పెట్టి అడిగింది.

"ఇంట్ల బర్రెలున్నయా? ఈ మధ్యల ఏదన్న ఈసుకపోయిందా?"

ఈసుకపోవడమంటే నెలలు నిండకుండా దూడ పడిపోవడం. అంతకుముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు.

"ఒకటి పోయింది మేడం" అన్నాడు నాన్న. "మాయ పడలే. మా పిల్లనే చెయ్యి వెట్టి తీసింది."

"గ్లౌజులు?"

"గ్లౌజులేంది మేడం, నూనె రాసుకున్నది."

మా దిక్కు దూడ వెనకాల రావలసిన మాయ పడకపోతే చెయ్యి సన్నగా ఉన్న ఆడపిల్లను పిలిచి, మోచేతిదాకా నూనె రాసి తీయిస్తారు. నన్ను పిలిచినందుకు నేను గర్వపడ్డాను కూడా.

బ్రూసెల్లా టెస్ట్ పాజిటివ్ వచ్చింది. "బ్రూసెల్లోసిస్. పశువుల నుంచి వస్తది. ఆరు వారాలు టాబ్లెట్లు, ఒక్క రోజు సుత ఆపొద్దు" అంది డాక్టరమ్మ.

ఆపాం. ఆ గోలీల్లో ఒకటి రిఫాంపిసిన్, అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఆ సంగతి డాక్టరమ్మ నాతో చెప్పింది, నేను సిగ్గుకొద్దీ ఇంట్లో చెప్పలేదు. అమ్మ చూసి బెదిరిపోయింది. "నెత్తురు పోతున్నది బిడ్డా! గా గోలీలే నిన్ను తింటున్నయ్" అని గోలీలన్నీ దాచేసింది. వాంతులతో వేసారి ఉన్నాను కాబట్టి, ఇదే సందని నేనూ నోరు మూసుకున్నాను. నెల తిరక్కముందే జ్వరం వచ్చింది. ఈసారి నడుము వంగలేదు.

"రిలాప్స్, జబ్బు తిరగవెట్టింది" అని డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్టు మరవలేను. "పశువుల డాక్టర్ అయితనంటివి. నీ మందే నువ్వు మింగకపోతే రేపు రైతుకు ఏం జెప్తవ్?"

మింగాను. వాంతి అయితే ఆమెకు ఫోన్ చేసి, చెప్పినట్టు మళ్ళీ మింగాను.

ఫిజిక్స్ మూడోసారికి పాసయ్యాను. మొదటి ఎంసెట్ ర్యాంకు చెప్పుకునేది కాదు. "గీ మెమోలకు వెటర్నరీ సీటా? జ్వరమొచ్చిందంటె పాపమని సీటియ్యరమ్మా, డిగ్రీల చేరు" అన్నాడు మా లెక్చరర్. "పాపమని ఇయ్యమని నేను అడగలే సార్" అని వచ్చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను, అది వేరే సంగతి. మర్నాడు చెల్లెలి తొమ్మిదో తరగతి పుస్తకాలు ముందేసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాను. నాకు రానిదంతా జ్వరం మీదికి తోస్తే చదువు రాదు కదా. రెండో ఎంసెట్ కూడా పోయింది. మూడోసారి, చివరి కౌన్సెలింగ్‌లో నా పేరు వచ్చింది.

సర్టిఫికెట్లు చూసే ఆయన నా మెమోలు తిరగేసి, "ఫిజిక్స్ రెండుసార్లు తప్పినవ్, ఎందుకమ్మా?" అన్నాడు. నాన్న "జ్వరం సార్" అని ముందుకొచ్చాడు.

"ఒకసారి జ్వరం సార్. ఇంకోసారి నాకు రాక" అన్నాను. ఆయన నా మొహం చూసి, నవ్వి, ముద్ర వేశాడు.

ఇప్పుడు వెటర్నరీ సెకండియర్. ఫస్టియర్‌లో అనాటమీ తప్పి మళ్ళీ రాశాను. చలికాలం మోకాలు సలుపుతుంది. మందులు లేవు, టెస్టులు నార్మల్. ఈ జబ్బు కాచని పాలతోనూ వస్తుందని తెలిశాక మా ఇంట్లో పచ్చిపాలు ఎవరూ ముట్టరు.

ఇది చదివేవాళ్ళ కొట్టంలో బర్రె ఈసుకపోతే ఉత్త చేతులతో ముట్టకండి, గ్లౌజులతో వచ్చే డాక్టర్‌ను పిలవండి. పోయిన సెలవుల్లో నేను అలాగే అంటే, "ఇంక డాక్టర్ కానే లేదు, గింత పొగరా?" అన్నారు మా ఊరివాళ్ళు. మిమ్మల్నీ అంటారు. అననీయండి.